పీహెచ్ ప్రోబ్‌కి ఎల్ఎం358 పనిచేయడం లేదు. అసలు యాంప్లిఫయర్‌కి నాలుగు మోడళ్లు ఎందుకు?

ఉలవపాడు_ఈసీఈ:

అందరికీ నమస్తే. ఒంగోలులో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ఉలవపాడు పక్కన పల్లె. నాన్న సముద్రం వైపు గుంటలు లీజుకు తీసుకుని వెనామీ రొయ్య వేస్తాడు. నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే అంకె) పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. ఇప్పుడైతే సీసాలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు చూసి చెప్తున్నారు. 7.8కీ 8.2కీ ఆ రంగులో తేడా నాకు కనపడదు, నాన్నకి కనపడుతుందట. మినీ ప్రాజెక్టు కింద నేనే మీటర్ చేద్దామని గాజు బల్బు ఉండే పీహెచ్ ప్రోబ్ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

సర్క్యూట్ చిన్నదే. 5 వోల్టుల సప్లై. ప్రోబ్ రిఫరెన్స్ వైరుని 1.5 వోల్టుల దగ్గర నిలబెట్టాను. గాజు వైపు వైరు ఎల్ఎం358 అనే ఆప్‌యాంప్ (యాంప్లిఫయర్ ఐసీ) ప్లస్ పిన్‌కి ఇచ్చాను. ఔట్‌పుట్ నేరుగా మైనస్ పిన్‌కి కలిపాను కాబట్టి గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె) ఒకటి. దాని వెనక ఆ వోల్టేజ్‌ని చదివే ఆర్డుయినో బోర్డు.

సమస్య ఏమిటంటే, పీహెచ్ 7 ఉన్న పరీక్ష ద్రావణంలో ముంచినా 4 ఉన్న ద్రావణంలో ముంచినా ఔట్‌పుట్ 3.5 వోల్టుల దగ్గరే బిగుసుకుపోతోంది. ప్రోబ్ తీసేసి, రెసిస్టర్లతో 1.68 వోల్టులు తయారుచేసి అదే పిన్‌కి ఇస్తే ఔట్‌పుట్ కూడా 1.68 వస్తోంది. అంటే ఐసీ బాగానే ఉంది. ప్రోబే చెడిందేమోనని దాన్ని 4 ద్రావణంలో ఉంచి రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టాను. లెక్క ప్రకారం 177 మిల్లీవోల్టులు రావాలి. వచ్చింది 16.

క్లాసులో వోల్టేజ్, కరెంట్, ట్రాన్స్‌కండక్టెన్స్, ట్రాన్స్‌రెసిస్టెన్స్ అని నాలుగు యాంప్లిఫయర్ మోడళ్లు చెప్పారు. దేనికి ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎంతుండాలి, ఔట్‌పుట్ ఎంతుండాలి అని పట్టిక కూడా రాసుకున్నాను. కానీ నా చేతిలో ఉన్నది ఒక్క ఐసీ. దానికి నాలుగు బొమ్మలు ఎందుకు? నా మీటర్‌కి ఏ బొమ్మ పనికొస్తుంది?

దర్శి_మైక్‌సెట్:

తమ్ముడూ, ప్రోబ్ సిగ్నల్ మరీ చిన్నది, గెయిన్ చాలడం లేదు. ఫీడ్‌బ్యాక్‌లో, అంటే ఔట్‌పుట్ నుంచి మైనస్ పిన్‌కి వెనక్కి వచ్చే దారిలో, రెసిస్టర్లు పెట్టి గెయిన్ పది చేసి చూడు.

నెల్లూరు_మీటర్‌రిపేరు:

గెయిన్ జోలికి ఇప్పుడే పోవద్దు. ప్రోబ్ బాగానే ఉంది, ఐసీ బాగానే ఉంది, మల్టీమీటర్ కూడా తప్పు చెప్పలేదు. ఆ 16 మిల్లీవోల్టులే నీ ప్రశ్నకి జవాబు.

నేను నెల్లూరులో రొయ్యల రైతుల పీహెచ్ మీటర్లు, ఆక్సిజన్ మీటర్లు బాగుచేస్తాను. నా బల్ల మీదికి వచ్చే వాటిలో సగం ఇదే జబ్బు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగా ఓములు. ప్రోబ్ లోపల 177 మిల్లీవోల్టులు పుడుతున్నాయి, మీటర్ దాకా చేరింది 16. అంటే పదకొండో వంతు. పదకొండు వంతుల్లో ఒకటి మీటర్‌దైతే మిగతా పది ప్రోబ్‌వి. కాబట్టి నీ ప్రోబ్ సొంత రెసిస్టెన్స్ దాదాపు 100 మెగా ఓములు. మల్టీమీటర్ ఒక్కదానితో గాజు రెసిస్టెన్స్ కొలిచేశావు నువ్వు! పీహెచ్ గాజుకి అది మామూలు విలువే. కొన్ని ప్రోబ్‌లు 500 మెగా ఓముల దాకా కూడా ఉంటాయి. నీళ్లు చల్లబడితే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు క్లాసులో చెప్పిన మోడల్ దగ్గరికి రా. యాంప్లిఫయర్‌ని మూసిన పెట్టె అనుకుంటే, బయటి నుంచి కనిపించేవి మూడే. ముందు వైపు ఒక రెసిస్టెన్స్, వెనక వైపు ఒక రెసిస్టెన్స్, మధ్యలో గెయిన్. ఆ గెయిన్ అంకెని జనం తెగ నమ్ముతారు. కానీ డేటాషీట్‌లో ఉండే గెయిన్ ఏ లోడూ లేనప్పటిది, అదీ పిన్ దాకా వచ్చిన వోల్టేజ్‌కి మాత్రమే వర్తించేది. ముందు సోర్స్ రెసిస్టెన్స్ దగ్గర ఒక కోత, వెనక లోడ్ దగ్గర ఇంకో కోత. ఉదాహరణకి గెయిన్ 100, ఇన్‌పుట్ 10 వేల ఓములు, ఔట్‌పుట్ వెయ్యి ఓములు ఉన్న యాంప్లిఫయర్ తీసుకో. దానికి 10 వేల ఓముల సోర్స్, వెయ్యి ఓముల లోడ్ తగిలించు. ముందు సగం పోయింది, వెనక సగం పోయింది. చేతికొచ్చేది 25. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 40 అనుకున్నది 28 అయింది. పెట్టె మారలేదు, దాని ఇరుగుపొరుగు మారింది, అంతే.

నాలుగు బొమ్మలు ఎందుకంటే ఇందుకే. సోర్స్ రకం, లోడ్ రకం బట్టి ఏ బొమ్మలో లెక్క సులువవుతుందో అది వాడతాం. పరీక్షకి పట్టిక బట్టీ పట్టిస్తారు గానీ ముందు సోర్స్ ఏమిటని ఎవరూ అడగరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. మీ గుంట గట్టు మీదే నాలుగూ ఉన్నాయి చూడు.

పీహెచ్ ప్రోబ్ వోల్టేజ్ ఇస్తుంది. 7 దగ్గర సున్నా, అక్కడి నుంచి ఒక్కో పీహెచ్‌కి 25 డిగ్రీల వద్ద 59 మిల్లీవోల్టులు. మనకి ఆ వోల్టేజే కావాలి. దాన్నుంచి కరెంటు లాగకూడదు. కాబట్టి వోల్టేజ్ యాంప్లిఫయర్. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎంత ఎక్కువైతే అంత మంచిది, ఔట్‌పుట్ ఎంత తక్కువైతే అంత మంచిది.

ఆక్సిజన్ మీటర్‌లో ఉండే క్లార్క్ రకం ప్రోబ్ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. లోపల ప్లాటినం, వెండి, వాటి మధ్య మనమే 0.7 వోల్టుల చుట్టుపక్కల పెడతాం. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంటే అంత కరెంటు పారుతుంది. నానో ఆంపియర్లు, మహా అయితే మైక్రో ఆంపియర్లు. ఇక్కడ పెద్ద రెసిస్టర్ అడ్డం పెట్టి వోల్టేజ్ కొలుద్దామంటే, ఆ రెసిస్టర్ మీద పడే వోల్టేజ్ మనం పెట్టిన 0.7ని తినేస్తుంది, ప్రోబ్ లెక్క తప్పుతుంది. కాబట్టి ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సున్నాకి దగ్గరగా ఉండాలి. ఆప్‌యాంప్ మైనస్ పిన్‌కి కరెంటు ఇచ్చి, ఫీడ్‌బ్యాక్‌లో లక్ష ఓములు పెడితే ఒక మైక్రో ఆంపియర్‌కి 0.1 వోల్టు వస్తుంది. కరెంటు లోపలికి, వోల్టేజ్ బయటికి. ఇది ట్రాన్స్‌రెసిస్టెన్స్. గెయిన్‌ని ఓముల్లో చెప్పడం వింతగా ఉంటుంది గానీ ఆ లక్ష ఓములే దాని గెయిన్.

ఇక గుంట దగ్గరి రీడింగ్ మోటార్ షెడ్డు దాకా వైరులో పంపాలనుకో. వోల్టేజ్‌గా పంపితే వైరు, కీళ్లు, తుప్పు పట్టిన కనెక్టర్లు అన్నీ తలా కొంచెం తింటాయి. అందుకే ఫ్యాక్టరీల్లో 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా మార్చి పంపుతారు. అవతల 250 ఓముల మీద అది 1 నుంచి 5 వోల్టులు అవుతుంది. మధ్యలో వైరు పది ఓములు పెరిగినా రీడింగ్ కదలదు. అసలేమీ రాకపోతే వైరు తెగిందని అర్థం, ఎందుకంటే కనీసం 4 ఉండి తీరాలి. వోల్టేజ్ తీసుకుని కరెంటు ఇచ్చేది ట్రాన్స్‌కండక్టెన్స్. దాని ఔట్‌పుట్ రెసిస్టెన్స్ చాలా ఎక్కువ ఉండాలి.

నాలుగోది కరెంట్ యాంప్లిఫయర్. ఏరియేటర్ (గుంట నీళ్లలో గాలి కలిపే మోటార్) కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌ని లాగే చిన్న రిలేకి ముందు ఉండే ట్రాన్సిస్టర్ అది. బేస్‌లో కొంచెం కరెంటు ఇస్తే కలెక్టర్‌లో ఎక్కువ కరెంటు.

ఇంక నీ 3.5 సంగతి. ఎల్ఎం358 ఇన్‌పుట్ పిన్ నుంచి ఎప్పుడూ కొంచెం కరెంటు బయటికి కారుతూ ఉంటుంది. డేటాషీట్‌లో మామూలుగా 45 నానో ఆంపియర్లు అని ఉంటుంది. నువ్వు రెసిస్టర్లతో ఇచ్చినప్పుడు అది కొద్ది వేల ఓముల్లోంచి పోయింది, మిల్లీవోల్టు తేడా కూడా రాలేదు. ప్రోబ్ పెట్టగానే 100 మెగా ఓముల్లోంచి పోవాలి. 45 నానోని 100 మెగాతో గుణిస్తే 4.5 వోల్టులు! నీ 1.5 మీద అంత ఎక్కించబోయింది. 5 వోల్టుల సప్లైతో ఎల్ఎం358 ఔట్‌పుట్ సుమారు 3.5 దాటి పైకి పోలేదు, అక్కడ తల తగిలి ఆగింది. 7 అయినా 4 అయినా ఒకటే ఎందుకు వచ్చిందో తెలిసిందిగా. 741 ఆప్‌యాంప్ వేసినా అదే గతి, దానిది 80 నానో.

సీఏ3140 అనే ఆప్‌యాంప్ తెచ్చుకో. ఇన్‌పుట్‌లో మాస్‌ఫెట్ ఉంటుంది, కారే కరెంటు 10 పికో ఆంపియర్ల లోపే. 100 మెగా ఓముల మీద ఒక మిల్లీవోల్టు, పీహెచ్‌లో 0.02 కూడా కాదు. మన ఎండలకి ఈ కరెంటు ప్రతి 10 డిగ్రీలకీ ఇంచుమించు రెట్టింపవుతుంది, అయినా నీ పనికి ఇబ్బంది లేదు.

ఇంకోటి, సందర్భం వచ్చింది కాబట్టి. పీహెచ్ మీటర్ అనే వస్తువు పుట్టిందే ఈ తలనొప్పి వల్ల. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపు కొలవడానికి ఒక స్నేహితుడికి పరికరం చేసిచ్చాడు. గాజు ఎలక్ట్రోడ్ అప్పటికే ఉంది, కానీ దాని కరెంటుకి గాల్వనోమీటర్ ముల్లు సరిగా కదిలేది కాదు. ఆయన మధ్యలో వాక్యూమ్ ట్యూబ్ యాంప్లిఫయర్ పెట్టాడు. కెమిస్ట్రీ మనిషి ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టుకునేదాకా పోయింది ఆ నిమ్మకాయల వ్యవహారం.

దర్శి_మైక్‌సెట్:

ఒప్పుకున్నాను అన్నా, గెయిన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే వెనక వైపు కోత గురించి మా అనుభవం కూడా రాస్తాను, పిల్లాడికి పనికొస్తుంది.

సింగరకొండ తిరునాళ్లకి హారన్లు కట్టినప్పుడు యాంప్లిఫయర్ ఒకచోట ఉంటుంది, చివరి హారన్ ఎక్కడో ఉంటుంది. 8 ఓముల స్పీకర్‌కి వైరు రానూ పోనూ కలిపి 4 ఓములు ఉందనుకో, వోల్టేజ్‌లో మూడో వంతు వైరులోనే పోయింది. స్పీకర్‌కి చేరే పవర్ అయితే సగం కూడా కాదు. అందుకే యాంప్లిఫయర్ వెనక 100 వోల్టుల టెర్మినల్ ఉంటుంది. అక్కడి నుంచి లైన్ లాగి, ప్రతి హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతాం. 10 వాట్ల ట్యాప్ పెట్టిన హారన్ లైన్‌కి వెయ్యి ఓములుగా కనపడుతుంది. వెయ్యి ముందు 4 ఓముల వైరు ఎంత? ఏమీ కాదు.

ముందు వైపు కూడా ఒకటి. కచేరీలో వీణకి అతికించే పీజో పికప్‌ని తెచ్చి మైక్ సాకెట్‌లో గుచ్చి, గొంతు సన్నగా వస్తోందని మిక్సర్‌ని తిట్టేవాళ్లు ఉంటారు. మైక్ ఇన్‌పుట్ రెండు మూడు వేల ఓములు, పికప్‌కి కావాల్సింది మెగా ఓము పైన. బాస్ మొత్తం అక్కడే చస్తుంది. బాస్ నాబ్ తిప్పి లాభం లేదు. మధ్యలో ప్రీయాంప్ ఉండాలి.

పాత_ల్యాబ్_సార్:

పాలిటెక్నిక్‌లో ఈ సబ్జెక్ట్ చాలాకాలం చెప్పి రిటైరైనవాడిని. మీటర్‌రిపేరు గారి జవాబు బాగుంది. రెండు చోట్ల నా అభ్యంతరం, ఒకచోట చేర్పు.

రిలే ముందున్న ట్రాన్సిస్టర్‌ని కరెంట్ యాంప్లిఫయర్ అనకండి. 30 మిల్లీ ఆంపియర్లు లాగే రిలేకి బేస్‌లో 3 మిల్లీ ఇచ్చి పూర్తిగా ఆన్ చేసి వదిలేస్తారు. బీటా (బేస్ కరెంటుకి కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో ఆ అంకె) 100 అయినా 300 అయినా ఫలితం ఒకటే. అది స్విచ్. అదే ట్రాన్సిస్టర్ ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య యాక్టివ్ రీజియన్‌లో పనిచేస్తూ, బేస్ కరెంటు కొంచెం మారితే కలెక్టర్ కరెంటు బీటా రెట్లు మారుతుంటే అప్పుడు కరెంట్ యాంప్లిఫయర్.

రెండోది ముఖ్యం. మా విద్యార్థులకి ఇదే ఎక్కేది కాదు. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ చాలకనే ఎల్ఎం358 విఫలమైందని చదివేవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. గెయిన్ ఒకటిగా కట్టిన ఫాలోయర్‌లో ఫీడ్‌బ్యాక్ వల్ల ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోడల్ మాత్రమే చూస్తే ఆ సర్క్యూట్ పనిచేయాలి! దాన్ని ముంచింది బయాస్ కరెంటు (ఇన్‌పుట్ పిన్ నుంచి కారే ఆ 45 నానో), ఆపింది సప్లై వోల్టేజ్. నాలుగు బొమ్మల్లో ఏదైనా తీసి చూడండి, బయాస్ కరెంటూ ఉండదు, సప్లై గీతా ఉండదు. ఆ బొమ్మలు చిన్న మార్పులకి, అదీ యాంప్లిఫయర్ సరళంగా పనిచేసే మేరకే చెల్లుతాయి. డేటాషీట్ పక్కన పెట్టుకోకుండా మోడల్ ఒక్కటే నమ్మితే ఇట్లాగే అవుతుంది.

చేర్పు: బాబూ, ఒక ఐసీకి నాలుగు బొమ్మలు ఎందుకని అడిగావు. నాలుగూ ఒకదాన్నుంచి ఒకటి వస్తాయి. పైన చెప్పిన 100 గెయిన్, 10 వేల ఇన్‌పుట్, వెయ్యి ఔట్‌పుట్ పెట్టెనే తీసుకో. వోల్టేజ్ గెయిన్‌ని ఔట్‌పుట్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే ట్రాన్స్‌కండక్టెన్స్, వోల్టుకి 100 మిల్లీ ఆంపియర్లు. వోల్టేజ్ గెయిన్‌ని ఇన్‌పుట్ రెసిస్టెన్స్‌తో గుణిస్తే ట్రాన్స్‌రెసిస్టెన్స్, 10 లక్షల ఓములు. దాన్ని మళ్లీ ఔట్‌పుట్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంట్ గెయిన్, వెయ్యి. ఏ బొమ్మతో లెక్క కట్టినా లోడ్ మీద ఒకే జవాబు వస్తుంది. కాగితం మీద ఒకసారి చేసి చూసుకో.

ఫీడ్‌బ్యాక్ కూడా నాలుగు రకాలు ఉండటం యాదృచ్ఛికం కాదు. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ హెరాల్డ్ బ్లాక్‌కి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఆలోచన వచ్చింది టెలిఫోన్ యాంప్లిఫయర్ల డిస్టార్షన్ తగ్గించడానికి. కానీ దాని ఇంకో లాభం ఏమిటంటే ఔట్‌పుట్‌లో దేన్ని గమనిస్తున్నాం, ఇన్‌పుట్‌లో ఎట్లా కలుపుతున్నాం అన్నదాన్ని బట్టి రెసిస్టెన్సులు కావాల్సిన వైపు జరుగుతాయి. అందుకే ఒకే ఆప్‌యాంప్‌ని నువ్వు నాలుగింటిలో ఏదిగానైనా మలుచుకోవచ్చు. ఆక్సిజన్ ప్రోబ్‌కి సున్నా ఇన్‌పుట్, పీహెచ్ ప్రోబ్‌కి అనంతం, రెండూ ఒకే ఐసీ ఇవ్వగలగడం అందువల్లే.

ఉలవపాడు_ఈసీఈ:

సార్, అన్నా, చాలా థ్యాంక్స్. సీఏ3140 పెట్టాను. ఇంట్లో 7 ద్రావణంలో 1.50, 4 ద్రావణంలో 1.677. ఎగిరి గంతేశాను. లెక్క కూడా చేసి చూశాను సార్, వెయ్యి ఓముల లోడ్ మీద నాలుగు బొమ్మల్లోనూ ఒకటే వచ్చింది.

కానీ గుంట దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ టెన్షన్ మొదలైంది. రెండు మూడు రోజులు షెడ్డులో ఉంచాక 4 ద్రావణంలో 177 బదులు 161 మిల్లీవోల్టులే వస్తోంది. ఏరియేటర్లు తిరుగుతుంటే రీడింగ్ వణుకుతోంది. ఆర్డుయినోలో అంకెలు కూడా మెట్లు మెట్లుగా దూకుతున్నాయి, ఒక్కో మెట్టూ 0.08 పీహెచ్.

నెల్లూరు_మీటర్‌రిపేరు:

సార్ అన్న మాట నిజం. రిలే విషయంలో నేను వాదించను.

161ని 177తో భాగించు. 0.91. అంటే ఎక్కడో 1000 మెగా ఓముల దారి తెరుచుకుంది, నీ ప్రోబ్ 100 మెగాతో కలిసి తొమ్మిది శాతం తింటోంది. ఆ దారి ఐసీలో లేదు, బోర్డు మీద ఉంది. సముద్రం గాలిలో ఉప్పు, తేమ, దానికి తోడు నువ్వు తుడవకుండా వదిలేసిన సోల్డర్ ఫ్లక్స్. మామూలు సర్క్యూట్‌కి 1000 మెగా ఓములు అంటే గాలితో సమానం, ఇక్కడ మాత్రం లీకేజీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు బాగా కడిగి ఆరబెట్టు. ఐసీ మూడో పిన్‌ని (ప్లస్ పిన్) బోర్డుకి తగలకుండా పైకి వంచి, ప్రోబ్ వైరు గాలిలోనే దానికి అతికించు. బోర్డు ముట్టుకోకపోతే లీకేజీకి దారే లేదు. డబ్బా మూతకి రబ్బరు పట్టీ, లోపల ఒక సిలికా జెల్ పొట్లం. ప్రోబ్ కనెక్టర్‌ని తడి చేత్తో పట్టుకోవద్దని నాన్నకి కూడా చెప్పు, వచ్చిన మీటర్లలో చాలావాటికి నేను తుడిచి ఇచ్చేది ఆ కనెక్టరే.

వణుకు మోటార్ల 50 హెర్ట్జ్. అంత రెసిస్టెన్స్ ఉన్న వైరు దేన్నైనా పట్టేస్తుంది. ప్రోబ్‌తో వచ్చిన షీల్డు కేబుల్‌ని కోసి మామూలు వైరుతో పొడిగించి ఉంటే తీసెయ్యి. చివర్లో ఆర్డుయినో పిన్ ముందు 10 వేల ఓములు, 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. ముప్పావు హెర్ట్జ్ లోపే బ్యాండ్‌విడ్త్ మిగులుతుంది. గుంట పీహెచ్ పొద్దుటి నుంచి సాయంత్రానికి మారేది, దానికి అంతకంటే వేగం ఎందుకు? ఆ 10 వేలు ఇష్టమొచ్చినట్టు పెంచకు, ఆర్డుయినో ఏడీసీకి (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగానికి) కూడా సోర్స్ 10 వేల లోపు ఉంటేనే సుఖం.

మెట్లకి మాత్రం గెయినే మందు, దర్శి అన్న మాట ఇప్పుడు పనికొస్తుంది. 5 వోల్టులని 1024 మెట్లు చేస్తే ఒక్కోటీ 4.9 మిల్లీవోల్టులు. సీఏ3140 తర్వాత గెయిన్ 4 పెడితే మెట్టు 0.02 పీహెచ్‌కి దిగుతుంది. 4 నుంచి 10 పీహెచ్ దాకా ఔట్‌పుట్ 0.8కీ 2.2 వోల్టులకీ మధ్యే తిరుగుతుంది కాబట్టి ఎక్కడా తల తగలదు. ఆ పనికి నీ దగ్గరున్న ఎల్ఎం358 చాలు. ఇప్పుడు దాని సోర్స్ గాజు కాదు, సీఏ3140 ఔట్‌పుట్. దాని 45 నానో ఎవరినీ ఏమీ చేయలేదు. అందులో రెండు ఆప్‌యాంప్‌లు ఉంటాయి కదా, మిగిలిన సగాన్ని 1.5 వోల్టుల రిఫరెన్స్‌కి ఫాలోయర్‌గా వాడు. గెయిన్ రెసిస్టర్ కాలు ఆ 1.5కే కలుపు, గ్రౌండ్‌కి కలిపితే 1.5 కూడా నాలుగింతలై మళ్లీ పైకప్పుకి తగులుతుంది.

ముందు 7 ద్రావణంలో, తర్వాత 9.18 ద్రావణంలో సరిచూసి స్లోప్ (ఒక్కో పీహెచ్‌కి ఎన్ని మిల్లీవోల్టులో) పెట్టుకో. మీ గుంట ఉండేది ఆ రెండింటి మధ్యే, 4 అక్కర్లేదు.